స్క్రీన్ ఆగిందా? వెనకాల ఓ ప్రశ్న దాక్కుని ఉండొచ్చు!

మధ్యాహ్నం 2 గంటలకు ఆన్‌లైన్ టెస్ట్. మొయినాబాద్‌లో ఫైనలియర్ చదివే ఓ తమ్ముడు చేవెళ్లలోని ఇంట్లో 1.40కే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కంపెనీ ఇచ్చిన ప్రత్యేక బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయ్యి 'స్టార్ట్' నొక్కాడు. అంతే, బండి ఆగిపోయింది. ఎక్కడ క్లిక్ చేసినా 'టంగ్' అని చప్పుడే తప్ప కదలిక లేదు. నాకు ఫోన్ కొట్టాడు. "అన్నా, సిస్టమ్ హ్యాంగైంది. పవర్ బటన్ నొక్కి ఆపేయనా?"

వద్దన్నాను. ఆ 'టంగ్' గురించి చెప్పాడు కాబట్టి సరిపోయింది. నిజంగా హ్యాంగైన బ్రౌజర్ చప్పుడు చేయదు. కాసేపటికి తెల్లబారి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని చూపిస్తుంది. క్లిక్ చేసిన ప్రతిసారీ 'టంగ్' అంటోందంటే అర్థం వేరు. ఎక్కడో ఓ చిన్న పెట్టె తెరుచుకుని మీ జవాబు కోసం ఎదురుచూస్తోంది. దానికి అవుననో కాదనో చెప్పేదాకా అసలు విండోకు తాళమే. దీన్ని సాంకేతిక భాషలో 'మోడల్ డైలాగ్' అంటారు.

మరి ఆ పెట్టె ఏదీ? ముందురోజు రాత్రి మనవాడు ల్యాప్‌టాప్‌కు టీవీ తగిలించి, అదే బ్రౌజర్‌ను పెద్ద తెర మీద తెరిచి చూశాడట. టీవీ ఆపేశాడు కానీ కేబుల్ తీయలేదు. 'అనుమతిస్తారా?' అన్న ప్రశ్న పోయిపోయి ఆ చీకటి టీవీలో తెరుచుకుంది! కేబుల్ పీకమన్నాను. పెట్టె ల్యాప్‌టాప్ మీదకు వచ్చేసింది. 1.52కి 'అలో' నొక్కాడు.

ఇలాంటి ప్రశ్నలు దాక్కోవడానికి విండోస్‌లోనే ఓ కారణముంది. మీరు ఒక విండోలో పనిచేస్తుంటే, ఇంకో ప్రోగ్రామ్ దూసుకొచ్చి ముందు నిలబడటాన్ని అది చాలాసార్లు ఒప్పుకోదు. బదులుగా కింద టాస్క్‌బార్‌లో ఐకాన్‌ను మెరిపిస్తుంది. అడ్మిన్ అనుమతి అడిగే ప్రశ్న కూడా ఒక్కోసారి ఇలాగే కింద డాలు గుర్తుతో మెరుస్తూ ఉండిపోతుంది. ఫుల్ స్క్రీన్‌లో ఉంటే మీకు ఆ మెరుపు కూడా కనపడదు. ఇది మన సీనియర్లకూ తెలిసిన తలనొప్పే. జావా ఆప్లెట్ల కాలంలో 'ఇది రన్ చేయాలా?' అన్న పెట్టె బ్రౌజర్ వెనక నక్కేది. 2015 సెప్టెంబరులో క్రోమ్ 45, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఆ పాత ప్లగిన్లకు తలుపులు మూసేశాయి. దాంతో జావా గొడవ పోయింది కానీ, దాక్కునే ప్రశ్నలు పోలేదు.

కాబట్టి స్క్రీన్ ఆగగానే రీస్టార్ట్ జోలికి పోకండి. మొదట టాస్క్‌బార్ చూడండి. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే తెరిచి ఉన్న విండోలన్నీ వరసగా కనిపిస్తాయి. రెండో తెర అనుమానం ఉంటే విండోస్ కీతో పాటు 'పి' నొక్కి, 'పీసీ స్క్రీన్ ఓన్లీ' ఎంచుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకుని మరిచిపోయిన వాళ్లూ ఉన్నారు. అది అడిగే పెట్టెను చూడకపోతే బ్రౌజర్ మొరాయించినట్టే అనిపిస్తుంది.

కెమెరా, మైక్ ప్రశ్నల సంగతి కొంచెం వేరు. ఇవి పైన, అడ్రస్ బార్ పక్కనే వస్తాయి. విసుగుతో ఎక్స్ నొక్కి మూసేస్తూ పోతే క్రోమ్ మూడోసారి తర్వాత కొన్నాళ్లు అడగడమే మానేస్తుంది. అప్పుడు అడ్రస్ ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి మీరే కెమెరాను 'అలో' చేయాలి. అయినా నల్లగానే ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలోకి వెళ్లి, డెస్క్‌టాప్ యాప్‌లకు కెమెరా వాడే అనుమతి ఉందో లేదో చూడండి. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వచ్చినా ఈ బటన్ మాత్రం మనమే నొక్కాలి.

ఇక్కడే ఓ మెలిక. టెస్ట్ మొదలయ్యాక ఆల్ట్-ట్యాబ్ కొడితే 'విండో మార్చాడు' అని చాలా ప్రోక్టరింగ్ సాఫ్ట్‌వేర్లు రాసుకుంటాయి. కొన్ని హెచ్చరికల తర్వాత పరీక్షే ముగించేవీ ఉన్నాయి. అంటే నేను పైన చెప్పిన చిట్కాలు సరిగ్గా అవసరమైన వేళకే పనికిరాకుండా పోవచ్చు. అందుకే మాక్ టెస్ట్ లింకును వదలకండి. సిలబస్ కోసం కాదు, ఈ అనుమతులన్నీ ముందే ఇచ్చేయడానికి. అదీ పరీక్ష రాయబోయే అదే ల్యాప్‌టాప్‌లో, అదే బ్రౌజర్‌లో, అదే నెట్‌తో. కాలేజీ ల్యాబ్‌లోనో నెట్ సెంటర్‌లోనో రాసేవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ సిస్టమ్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే మీ దగ్గర ఉండదు. ల్యాబ్ సార్ భోజనానికి వెళ్లే టైమ్ మీ టెస్ట్ టైమ్ కాకుండా ముందే మాట్లాడుకోండి.

స్క్రీన్ ఆపేసే దొంగ పెట్టెలు కూడా ఉన్నాయి, జాగ్రత్త. 'మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి' అంటూ తెర నిండా ఎర్రగా, సైరన్ మోతతో వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. నంబర్ కనిపించిందంటే అది మోసమే. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే క్రోమ్ ఫుల్ స్క్రీన్ నుంచి బయటకొస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచాక 'రీస్టోర్' అడిగితే వద్దనండి. నకిలీ జాబ్ పోర్టళ్ల వెంటపడి వెళ్లినప్పుడు ఇవి తగిలే ప్రమాదం ఎక్కువ. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇన్ని చేసినా టెస్ట్ రోజు స్క్రీన్ ఆగిపోతే? రూల్స్ ఒప్పుకుంటే టైమ్ కనిపించేలా స్క్రీన్‌ను ఫొటో తీసుకోండి. లేదంటే ఎన్ని గంటలకు, ఏ బటన్ నొక్కాక ఆగిందో కాగితం మీద రాసుకోండి. పరీక్ష లింకు వచ్చిన మెయిల్‌లోనే హెల్ప్‌డెస్క్ నంబర్ ఉంటుంది, ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు అదే రోజు మెయిల్ పెట్టండి. 'సార్, హ్యాంగైంది' అని కాకుండా, '2.04కు స్టార్ట్ నొక్కాక కెమెరా అనుమతి పెట్టె రాలేదు' అని రాస్తే మళ్లీ అవకాశం అడగడానికి ఆయన చేతిలోనూ ఓ ఆధారం ఉంటుంది.