చెదరు మనసు, చేతిలోని తెర

మహమ్మారి మూలమున బడులు మూతపడియుండగా, 2020 సెప్టెంబరు 1వ తేదీన దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా తెలంగాణ బడిపిల్లలకు పాఠములు ప్రసారమగుట ఆరంభమైనప్పుడు, ఆలేరు వంటి పట్టణములలోను, వాని చుట్టునున్న పల్లెలలోను, ఎన్నో ఇండ్లలో చదువు తొలిసారిగా పుస్తకము విడిచి తెరమీదికి వచ్చినది. బడులు మరల తెరచినను ఆ తెర పిల్లల చేతిని వీడలేదు. లెక్కల పాఠము వచ్చు ఫోనులోననే రీల్సు, ఆటలు, స్నేహితుల సందేశములు ఒకదాని వెంట నొకటి వచ్చి పడుచున్నవి. మనసును చెదరగొట్టు యంత్రమే మనసును నిలుపు సాధనము కూడ కాగలదా? కాగలదనియే నా విశ్వాసము. అయితే అది పిల్లవానికి అలవాటును అప్పగించి తాను తప్పుకొను సాధనము కావలెను.

అమెరికా విద్యా మనస్తత్త్వవేత్త బారీ జిమ్మర్‌మన్ స్వయంనియంత్రిత అభ్యసనమును మూడు దశలుగా వివరించెను: చదువబూనుటకు ముందు ఏమి, ఎంతసేపు చదువవలెనో తలపోసికొనుట, చదువుచున్నంతసేపు తన మనసును తానే కనిపెట్టియుండుట, ముగించిన పిమ్మట ఏది కుదిరినదో, ఏది కుదరలేదో తరచి చూచికొనుట. నేటి యాప్‌లలో పెక్కు నడిమి దశకే ఊతమిచ్చును. మొదటిదియు, చివరిదియు పిల్లవాని పాలిటనే మిగిలియున్నవి.

కాలమునకు హద్దు గీచి మనసును కూర్చుండబెట్టు విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆలేరునకు చేరువనే కొలనుపాకలో ప్రాచీన జైనక్షేత్రము కలదు. జైన గృహస్థులు ఆచరించు సామాయికమను వ్రతమున రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు, రాగద్వేషములను విడిచి ఒక్కచోట కూర్చుండి సమభావమున నిలువవలెను. కాలము కొలుచుటకు ఇసుక గడియారమును ఎదుట ఉంచుకొనుటయు కలదు. 1980ల చివర ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అను విద్యార్థి, టమాటా ఆకారపు వంటింటి గడియారమును త్రిప్పి పెట్టుకొని, 25 నిమిషములు చదివి 5 నిమిషములు విశ్రమించు పద్ధతిని కల్పించుకొనెను. పొమొడోరో అను పేర నేడు ఫోనులలో కనిపించు చదువు గడియారములు దాని సంతతియే. ఒకటి మోక్షసాధనము, ఒకటి పరీక్షాసాధనము. అయినను ముగింపు ముందే తెలిసియున్నచో మనసు తొందరపడక నిలుచునను ఎరుక రెంటికిని మూలము.

గూగుల్ సంస్థ 2018లో ప్రకటించిన డిజిటల్ వెల్‌బీయింగ్ అను ఏర్పాటు నేడు చాల ఆండ్రాయిడ్ ఫోనుల సెట్టింగులలోనే ఉండును. అందలి ఫోకస్ మోడ్‌లో యూట్యూబు, ఇన్‌స్టాగ్రామ్ వంటివానిని ఎంచుకొన్నచో వాని గుర్తులు వన్నె తగ్గి బూడిదరంగునకు తిరుగును, వాని పిలుపులు ఆగిపోవును. అలవాటు కొద్దీ వ్రేలు పోయి వానిపై పడినను, ఆ యాప్ ప్రస్తుతము ఆపియున్నదని చిన్న పలక ఎదురగును. ఆ పలక ఉపయోగము గొప్పది. వ్రేలికిని తెరకును నడుమ ఒక్క క్షణము దొరకును, ఆ క్షణమున పిల్లవాడు తన్ను తాను ప్రశ్నించుకొనగలడు. ఐదు నిమిషములకు మాత్రము తెరచుకొను వెసులుబాటు కూడ అందే కలదు గాని దానియెడ జాగరూకత వలయును. ఒకసారి చెదరిన విద్యార్థి దృష్టి కుదురుకొనుటకు 20 నిమిషముల వరకు పట్టవచ్చునని యునెస్కో 2023 నాటి విద్యా నివేదికలో పేర్కొన్నది.

ఆలేరు ప్రాంతపు నేతపనివారి ఇండ్లలో చిటికి కట్టుట చూచినవారికి నా అభిప్రాయము సులభముగ బోధపడును. రంగు అంటరాని చోట నూలును రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుదురు; ఆరిన పిదప కట్లు విప్పివేయుదురు; కట్టు పోవును, నమూనా నూలులో నిలుచును. ఫోకస్ మోడ్ కూడ అట్టి కట్టుగనే ఉండవలెను. అట్లుగాక కొన్ని యాప్‌లు చదివిన దినములను వరుసగా లెక్కించి, ఒక్క దినము తప్పిన వెంటనే ఆ లెక్కను సున్నకు తెచ్చి పిల్లవానిని బెదరించును. జ్వరము వచ్చిన దినమున కూడ లెక్క పోవునని తెర తెరచు బాలిక యంత్రమునకు లొంగినదే గాని తన మనసును గెలుచుకొనలేదు.

ఇంటికంతకు ఒక్కటే ఫోను ఉన్నచోట ఈ ఏర్పాట్లు అంతగా పనికిరావు; తండ్రికి పని పిలుపు వచ్చు ఫోనును పిల్లవాని చదువునకై ఎట్లు కట్టిపెట్టగలము? అట్టి ఇంట గోడ గడియారము, ఒక నోటుపుస్తకము, 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ వివరించిన అరల పెట్టె చాలును. ప్రశ్నను అట్టముక్కకు ఒకవైపున, జవాబును రెండవవైపున వ్రాసి, వచ్చినదానిని తరువాతి అరకు జరిపి ఆలస్యముగను, రానిదానిని మొదటి అరకు త్రిప్పి వెంటనే మరలను చదువవలెను. ఆంకీ వంటి యాప్‌లు చేయునదియు ఇట్టి పనియే.

ఇక మనోవేదన మాట. 2007లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మాథ్యూ లీబర్‌మన్ బృందము జరిపిన పరిశోధనలో, ఎదుటి చిత్రములోని ముఖమున కనిపించు కోపమునో భయమునో మాటలో పెట్టినప్పుడు, మెదడులో అమిగ్డాలా అను భాగపు ఉద్ధృతి తగ్గినట్లు తేలినది. దినదినము మనఃస్థితిని వ్రాసికొనుమను యాప్‌లు ఈ తలంపు మీదనే నడచుచున్నవి. అయితే పసివాని దిగులు ఎవరి కంప్యూటరులోనికి చేరుచున్నదో పెద్దలు విచారింపవలెను. 18 ఏండ్లు నిండని వారి సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనని 2023 నాటి మన డేటా రక్షణ చట్టము విధించినది.

పిల్లవాని భారము యాప్ మోయగలిగినంతకు మించినప్పుడు మనిషి గొంతు వినబడవలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగ లభించుచున్నది. పదవ తరగతి, ఇంటరు ఫలితములు వెలువడు దినములలో మన రాష్ట్రము ఎన్ని ఇండ్లలో కన్నీరు చూచినదో తలచినచో, ఈ సంఖ్య ప్రతి తరగతి గోడమీదను ఉండవలెనని గట్టిగ కోరవలసియున్నది. తెలుగులోనే మాటాడవచ్చును గనుక, "సార్, నాకు బుగులైతున్నది" అని మన పిల్లవాడు ఇంట పలికినట్లే చెప్పుకొనగలడు. దానికి స్మార్ట్‌ఫోను అక్కరలేదు, ఇంటర్‌నెట్టు అక్కరలేదు. నాయనమ్మ కొంగున ముడివేసికొన్న మీటల ఫోనైనను చాలును.