మెదడు లోపలి నీరటి

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి గోపురం నీడ పొద్దున్నే చెరువులో పడుతుంది. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన గుడి అది. ఆ వేళ ఒడ్డున నిలబడితే నీళ్ల మీద ఎండ తళుకు, గుడి గంట, అరికాలి కింద తడి మట్టి, చెంపకు తగిలే గాలి అన్నీ ఒక్కసారే మీదికొస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో నరం పట్టుకొని బయల్దేరుతుంది. కానీ మనకు తెలియడానికి ముందు అన్నీ మెదడు నడుమ ఒక మజిలీలో ఆగుతాయి. దాని పేరు థాలమస్. తీర్థంలోని తులసి వాసన మాత్రం అక్కడ ఆగదు, నేరుగా మస్తిష్కానికి పోతుంది. జ్ఞానేంద్రియాల్లో ముక్కుకే ఆ దారి ఉంది.

థాలమస్ ఉండే భాగాన్ని మన బడి పుస్తకాలు ద్వారగోర్ధం అంటాయి. థాలమస్ అన్న గ్రీకు మాటకు లోపలి గది అని అర్థం. కుడికొకటి, ఎడమకొకటి, గుడ్డు ఆకారంలో, మూడు సెంటీమీటర్ల పొడవున రెండు బూడిదరంగు ముద్దలు. ఒక్కో ముద్దలో కణాల గుంపులు యాభై అరవై ఉంటాయి. చూపుకొక గుంపు, వినికిడికొకటి, స్పర్శకొకటి. ఎడమ చేతికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు అందేది కుడి థాలమస్‌కు.

పుస్తకాలు దాన్ని వార్తలు చేరవేసే కేంద్రమని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నా పేచీ అక్కడే. చెరువు కింద సేద్యం చేసిన మన పల్లెల్లో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ముందు ఎవరి మడికి, చివరి మడికి నీళ్లు ఎప్పుడు అన్నది చూసుకునేది అతనే. థాలమస్ చేసేది ఆ పని.

చూపునే తీసుకుందాం. కంటి నుంచి వచ్చే నరం థాలమస్ వెనకవైపు, మోకాలిలా వంగిన ఓ చిన్న గుంపులో ముగుస్తుంది. అక్కడి కణాలకు కబురందించే సంధుల్లో కంటి నుంచి వచ్చినవి సుమారు పదో వంతే. మెదడు పైపొర అయిన మస్తిష్క వల్కలం నుంచి తిరిగి కిందికి దిగేవి అంతకన్నా చాలా ఎక్కువ. కాలువ చివరి రైతు కట్ట దాకా నడిచొచ్చి, ‘అన్నా, మా మడికి ఇంకాసేపు వదులు’ అన్నట్టు, ఏది ఎంత కావాలో వల్కలమే అడుగుతుంటుంది. థాలమస్ చుట్టూ పలచటి పొరలా అల్లుకున్న కణాలున్నాయి. వాటి పని ఆపడమే. ఒక మడవ కట్టి ఇంకో మడవ తీసినట్టు ఈ పొర మన ధ్యాసను ఒక వైపు తిప్పుతుందని 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ ప్రతిపాదించాడు. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవారిలో ఒకరైన ఆ క్రిక్కే.

నిద్రలో తూము దాదాపు మూసుకుంటుంది. ఆ పొర రేపే అలలు సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగి అణిగిపోతాయి. మెదడు అలలను గీసే ఇ.ఇ.జి. కాగితం మీద అవి నడుమ లావుగా, కొసల్లో సన్నంగా కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు వాటికి కదురు పేరు పెట్టారు. గద్వాల నేతగాడైతే చూడగానే నాడెలో పెట్టే కండె అనేస్తాడు.

తూము చెడితే ఏమవుతుంది? 1906లో ఫ్రాన్స్‌లో దెజెరీన్, రూసీ అనే వైద్యులు ఒక వింత బాధను వర్ణించారు. థాలమస్‌కు రక్తం ఆగి పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి, వారాలో నెలలో గడిచాక, ఒంట్లో ఒక సగం మండడం మొదలవుతుంది. దుప్పటి అంచు తగిలినా నిప్పు తగిలినట్టే. చర్మం మీద చిన్న గాయం కూడా ఉండదు. ఇంట్లోవాళ్లు నటన అనుకుంటారు. అది నటన కాదు, నిజమైన నొప్పి. మామూలు నొప్పి మాత్రలకు లొంగదు, నరాల మీద పనిచేసే మందులు వాడాలి.

మన వరి పొలాల నుంచి థాలమస్‌కు ఇంకో ముప్పు ఉంది, జపనీస్ మెదడువాపు. దీని వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. మడుల్లో నిలిచిన నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషికి అంటిస్తుంది. మన దేశంలో తొలి రోగులను 1955లో వేలూరు ప్రాంతంలో గుర్తించారు. 1999 అక్టోబరు, నవంబరుల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పిల్లలను ఇది కబళించింది. ఎం.ఆర్.ఐ. తీస్తే చాలామందిలో రెండు థాలమస్‌లూ దెబ్బతిని కనిపిస్తాయి. బతికిన పిల్లల్లో కొందరికి ఒళ్లు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి, మాట పడిపోతుంది. కోలారులో దొరికిన వైరస్‌తో హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వాక్ టీకా 2013లో వచ్చింది. వ్యాధి ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం పిల్లలకు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది ఉచితంగా వేయిస్తోంది. టీకా ఇంకా పడని బిడ్డ ఇంట్లో ఉంటే ఈ వారమే ఆశా కార్యకర్తను అడగండి. జ్వరంతో ఉన్న బిడ్డ పిలిచినా పలకకుండా మగతలోకి జారుతున్నా, ఫిట్స్ వచ్చినా, తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.