రెండు పిన్నులు తాకిస్తే లేచే కంప్యూటర్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ కావచ్చు, చిన్న పట్టణంలోని రిపేరు కొట్టు కావచ్చు. 'ఆన్ కావడం లేదు' అంటూ తెచ్చిన కంప్యూటర్ ఓ పట్టాన లొంగకపోతే మెకానిక్ మదర్‌బోర్డును కేబినెట్‌లోంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పెడతాడు. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) తీగలు తగిలించి, స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులను క్షణంపాటు తాకిస్తాడు. ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది. బటనే లేకుండా ఎలా లేచిందని చూసేవాళ్లకు ఆశ్చర్యం.

నిజానికి బటన్ చేసేదీ ఆ పనే.

అది ఇంట్లో ఫ్యాన్ స్విచ్చి లాంటిది కాదు, కాలింగ్ బెల్ మీట లాంటిది. నొక్కినంతసేపే రెండు తీగలు కలుస్తాయి. పాత ఏటీ రకం కంప్యూటర్లలో బటన్ దాకా ఇంటి కరెంటే వచ్చేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి దాన్ని మార్చేసింది. ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు ఇచ్చి, వెనకున్న స్విచ్చి వేయగానే ఒక ఊదారంగు తీగలో 5 వోల్టులు వస్తాయి. కంప్యూటర్ నిద్రలో ఉన్నా బోర్డులో ఒక చిన్న భాగం ఆ కరెంటుతో మేలుకునే ఉంటుంది. రెండు పిన్నులు కలిశాయని గమనించగానే అది ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు కలుపుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులు వదులుతుంది. అవి నిలకడగా వస్తున్నాయని బూడిదరంగు తీగ కబురు పంపాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. ఇదంతా దాదాపు ఒక సెకను లోపే! కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లగానే ఉండవచ్చు కానీ వాటి పనులు మారలేదు.

బోర్డును ఇలా బయట పెట్టి పరీక్షించడానికి 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ఒక్కటే సరిపోదు. ప్రాసెసర్‌కు విడిగా 4 లేదా 8 పిన్నులది ఇంకొకటి ఉంటుంది. అది మరిచిపోతే ఫ్యాన్లు తిరిగినా డిస్‌ప్లే రాదు. ప్రాసెసర్ మీద కూలర్ తప్పనిసరి. ర్యామ్ ఒక్కటి చాలు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా పెట్టాలి. బోర్డును ఇనుప బల్ల మీద పెట్టకూడదు. బోర్డును చుట్టి వచ్చిన వెండిరంగు కవరు మీద కూడా వద్దు, దాని పైపొరలో కరెంటు పారే అవకాశం ఉంది. అట్టపెట్టె అన్నిటికన్నా మేలు.

పిన్నులు సాధారణంగా బోర్డు కింది అంచున రెండు వరసల్లో ఉంటాయి. పక్కన 'పీడబ్ల్యూఆర్ ఎస్‌డబ్ల్యూ' అని గానీ అలాంటిదే మరొకటి గానీ అచ్చై ఉంటుంది. కంపెనీని బట్టి అమరిక మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడకుండా మొన పెట్టవద్దు. లైటు పిన్నులకు ప్లస్, మైనస్ తేడా ఉంది గానీ స్విచ్చి పిన్నులకు లేదు. తాకించి వెంటనే తీసేయాలి. నాలుగు సెకన్లకు మించి అలాగే ఉంచితే బోర్డు ఆగిపోతుంది.

ఇక్కడ కనిపించే 12 వోల్టులు చేతికి షాక్ కొట్టవు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా లోపల మాత్రం ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి.

ఇంత శ్రమ ఎందుకంటే, దోషం బోర్డుదా, కేబినెట్‌దా అన్నది దీంతో తేలిపోతుంది. బయట లేచిన బోర్డు లోపల లేవకపోతే, అడుగున ఎక్కడో ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును కేబినెట్‌కు తగలకుండా ఎత్తి పట్టే మర) ఎక్కువై టంకాలకు తగులుతూ ఉండవచ్చు. లేదా పవర్ బటనే పాడై ఉండవచ్చు. అలాంటప్పుడు రీసెట్ బటన్ తీగను పవర్ పిన్నులకు తగిలిస్తే చాలు. ఆ రెండు బటన్లూ ఒకే రకం. పైసా ఖర్చు లేకుండా ఆ కంప్యూటర్ మళ్లీ ఆన్ అవుతుంది.