చిన్న ఓడ ఏమయింది మామా?
అరవై ఏళ్ల నాటి అంతరిక్ష సీరియల్.. అభిమానుల ప్రశ్నలు ఇంకా ఆగలేదు

హోసూరు: ఆదివారం మధ్యాహ్నం. బస్టాండుకు దగ్గర్లో ఒక ఇల్లు. అన్నాలకు పిలిచి అరగంటయింది. మామ, మేనల్లుడు మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. టీవీ ఎప్పుడో కట్టేశారు. వాదన ఆగలేదు.

"వాళ్ల దగ్గర చిన్న ఓడ ఉండాది కదా మామా! దాంట్లో పోయి ఆ నలుగుర్నీ పిల్చుకోని రావచ్చు కదా. ఏంటికి పంపలేదు?" తొమ్మిదో తరగతి అల్లుడి ప్రశ్న ఇది.

"చిన్నప్పుడు పక్కింటి టీవీలో చూసినోడిని నేను. ఇన్నేండ్లయినా ఈ మాట నాకు తట్టనే లేదబ్బా" అని మామ ఒప్పేసుకున్నాడు.

ఇంతకీ వాళ్లు కొట్లాడుకుంటున్నది అమెరికా సీరియల్ 'స్టార్ ట్రెక్' గురించి. 1980లలో దూరదర్శన్‌లో ఆదివారాలు వచ్చేది. కోసు చెవుల స్పాక్‌ను, కెప్టెన్ కిర్క్‌ను అప్పటి పిల్లలు ఇంకా మరిచిపోలేదు. అల్లుడు అడిగిన ప్రశ్న కొత్తదేమీ కాదు. అమెరికాలో అభిమానులు దశాబ్దాలుగా అడుగుతున్నదే!

ఓడ ఉంది.. కానీ లేదు!

స్టార్ ట్రెక్ మొదటి ఎపిసోడ్ 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ప్రసారమైంది. ఎంటర్‌ప్రైజ్ అనే పెద్ద అంతరిక్ష నౌక, అందులో వందలమంది సిబ్బంది. ఏదైనా గ్రహం మీదికి దిగాలంటే నౌక కిందికి రాదు. మనిషిని అణువులుగా విడగొట్టి, కింద మళ్లీ అతికించే యంత్రం ఒకటుంటుంది. దాని పేరు ట్రాన్స్‌పోర్టర్. ఈ యంత్రం పుట్టింది సైన్సు కోసం కాదు, ఖర్చు తగ్గించడం కోసం! వారం వారం నౌక దిగినట్టు చూపించాలంటే బడ్జెట్ చాలలేదు మరి.

1966 అక్టోబరులో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఆ యంత్రం చెడిపోతుంది. సులు, మరో ముగ్గురు ఒక గ్రహం మీద చిక్కుకుంటారు. రాత్రికి అక్కడ గడ్డకట్టే చలి. పైన నౌకలో అందరూ యంత్రం బాగుచేయడానికి తంటాలు పడుతుంటారు. చిన్న ఓడ పంపిస్తే పోయేదానికి ఇంత గోలెందుకు?

అసలు సంగతేమంటే, ఆ కథ తీసేనాటికి చిన్న ఓడ ఇంకా తెరమీదికి రాలేదు. 'గెలీలియో' అనే చిన్న నౌక మొదటిసారి కనిపించింది 1967 జనవరిలో. అంటే మూడు నెలల తర్వాత. కథలో మాత్రం అది ముందునుంచీ ఉన్నట్టే లెక్క. ఇదే లొసుగు!

ఖాన్ గుర్తుపట్టాడు.. ఎట్లా?

ఇంకో పేరుమోసిన తిరకాసు ఖాన్‌ది. 1967 ఫిబ్రవరి ఎపిసోడ్‌లో ఖాన్ అనే ప్రతినాయకుడు వస్తాడు. 1982లో వచ్చిన సినిమాలో అతనే చెకావ్ అనే అధికారిని చూసి, నీ ముఖం నేను మరిచిపోలేదంటాడు. కానీ చెకావ్ పాత్ర సీరియల్లోకి వచ్చిందే 1967 సెప్టెంబరులో. చూడని ముఖం గుర్తెట్లా ఉంటుంది?

చెకావ్ అప్పటికే ఓడలో వేరే డ్యూటీలో ఉన్నాడు, తెరమీదికి రాలేదంతే.. ఇది అభిమానుల సర్దుబాటు. ఆ పాత్ర వేసిన వాల్టర్ కోనిగ్ అయితే ఒక జోకు కట్టి చెప్పేవారు. ఖాన్ అర్జంటుగా బాత్రూముకు వస్తే లోపల చెకావ్ ఉన్నాడట. చాలాసేపు బయట నిలబెట్టేశాడట. ఆ కోపంతో ముఖం గుర్తుపెట్టుకున్నాడట!

ఈ ఖాన్ మన దేశానికి దగ్గరివాడే. కథ ప్రకారం ఉత్తర భారతానికి చెందినవాడు, సిక్కు అయి ఉంటాడని నౌకలోని చరిత్రకారిణి ఊహిస్తుంది. వేషం వేసింది మెక్సికో నటుడు రికార్డో మోంటల్‌బాన్. గడ్డం లేదు, తలపాగా లేదు. 2013 సినిమాలో ఆ పాత్ర ఇంగ్లండు నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్‌కు దక్కింది. భారతీయుడి పాత్ర భారతీయులకెందుకు ఇవ్వరని గట్టిగానే అడిగారు. కథలో లొసుగుకు సర్దుబాటు దొరుకుతుంది గానీ దీనికెక్కడ దొరుకుతుంది?

ఆట నియమం ఒకటే

ఈ వాదనలకు ఒక నియమముంది. జవాబు కథలోంచే రావాలి. డబ్బు చాలలేదు, రచయిత మరిచిపోయాడు అంటే అది నిజమే కావచ్చు. ఆటలో చెల్లదు.

క్లింగాన్‌ల నుదురు కథ చూడండి. వీళ్లు కిర్క్‌కు శత్రువులు. 1967లో నుదురు మనలాగే నున్నగా ఉంది. 1979లో సినిమా తీసేసరికి నుదుటి మీద గట్లు వచ్చాయి. కారణం తెలిసిందే. సినిమాకు డబ్బుంది, మేకప్ చేయించారు. అభిమానులు ఊరుకుంటారా? రెండు తెగలని కొందరు, ఏదో జబ్బని కొందరు, జన్యువులు మార్చారని మరికొందరు వాదించారు.

ముప్పై ఏళ్ల పండగకు 1996లో తీసిన ఎపిసోడ్‌లో, గట్లున్న వార్ఫ్ పాతకాలానికి వెళ్తాడు. అక్కడంతా నున్నటి నుదుళ్లు! ఇదేంటని తోటివాళ్లు అడుగుతారు. జన్యువులు మార్చారా, వైరస్ సోకిందా అని ఊహిస్తారు. బయటివాళ్లతో ఈ విషయం మాట్లాడమని వార్ఫ్ నోరు మూయిస్తాడు. చూసినవాళ్లు పగలబడి నవ్వారు. చివరికి 2005లో రెండు ఎపిసోడ్లు తీసి జవాబు చెప్పారు. జన్యువులు మార్చబోతే వైరస్ పుట్టింది, దాంతో కొందరి గట్లు పోయాయి. రెండు ఊహలూ నిజమే! ఒక నుదురు మారినందుకు లెక్క చెప్పడానికి 26 ఏళ్లు పట్టింది.

ప్రశ్నే బతికించింది

పనిలేనివాళ్ల వాదన అని కొట్టేయొచ్చు. కానీ ఒక్క సంగతి గమనించాలి. ఈ సీరియల్ మూడేళ్లకే, 79 ఎపిసోడ్లతో 1969లో ఆగిపోయింది. రెండో ఏడాదే ఆపేస్తారన్న భయంతో అభిమానులు ఉత్తరాలు గుప్పించబట్టే ఆ మూడో ఏడాదైనా నడిచింది. ఆగిపోయాకా వాళ్లు వదల్లేదు. సొంతంగా చిన్న పత్రికలు అచ్చేసుకుని వాదించుకున్నారు. 1972లో న్యూయార్క్‌లో పెద్ద సభ పెట్టుకుంటే వేలమంది వచ్చారు. 1976లో నాసా తొలి స్పేస్ షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ పేరు పెట్టించింది కూడా వీళ్ల ఉత్తరాలే. తప్పులు పట్టిన చేత్తోనే సీరియల్‌ను మోశారన్నమాట.

ప్రశ్నలు సైన్సు దాకా పోయాయి. అణువు ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవని హైసెన్‌బర్గ్ సూత్రం. మరి మనిషిని అణువులుగా విడగొట్టి మళ్లీ ఎట్లా అతికిస్తారు? దానికి 'హైసెన్‌బర్గ్ కాంపెన్సేటర్' అనే సామాను కనిపెట్టారు, కథలోనే. అది ఎట్లా పనిచేస్తుందని అడిగితే, బాగానే పనిచేస్తోంది థాంక్స్ అన్నారట సీరియల్ కళాకారుడు మైకేల్ ఒకుడా! 1995లో లారెన్స్ క్రౌస్ అనే భౌతికశాస్త్రవేత్త ఇట్లాంటి ప్రశ్నల మీద ఏకంగా పుస్తకమే రాశారు. ముందుమాట స్టీఫెన్ హాకింగ్‌ది.

మనకూ కొత్త కాదు

మన దిక్కు వీధినాటకం చూసొచ్చిన పెద్దలు తెల్లారి అరుగు మీద చేసేది ఇదే పని. 1957 నాటి మాయాబజార్‌లో శశిరేఖ, అభిమన్యుల పెళ్లి చూసి మురిసిపోని తెలుగువాడు లేడు. శశిరేఖ వ్యాసభారతంలో లేదు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఉంటేనేం, లేకుంటేనేం అని మరొకరు లేస్తారు. ఇంక కాఫీ చల్లారిపోవాల్సిందే.

ఆ అరుగులే ఇప్పుడు తగ్గాయి. ఈ ఇంట్లో పిల్లాడికి బడిలో ఇంగ్లీషు, తమిళం. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో దశలవారీగా తమిళం తప్పనిసరయింది. వీధిలో తమిళం, బెంగళూరు పోతే కన్నడం. తెలుగు మిగిలింది ఇంట్లోనే.

"అన్నం తిన్నావా, స్నానం చేశావా, పడుకో.. ఈ మూడు మాటలే మా తెలుగు. వాడు ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. వాళ్ల మామతో కొట్లాడేటప్పుడే గుక్కతిప్పకుండా తెలుగు మాట్లాడేది" అంటుంది తల్లి.

ఎందుకంటే మామను గెలవాలి. మామ తెలుగులోనే వాదిస్తాడు. గెలవాలంటే 'ఒకవేళ', 'అట్లయితే', 'కానీ', 'అందుకే' అన్నీ కావాలి. అన్నం తిన్నావా అంటే వీటితో పనుండదు. ఇంట్లో భాష నిలబడాలంటే ముద్దుచేస్తే చాలదు, పోట్లాడుకోవడానికి ఒక సంగతి కూడా ఉండాలి. అది భారతమైతేనేం, క్లింగాన్‌ల నుదురైతేనేం?

ఇంతలో అల్లుడికి జవాబు దొరికింది. "చలిగాలి ఎక్కువుండుంటుంది మామా. చిన్న ఓడ దిగితే పడిపోతుందని పంపలేదు."

"అట్లయితే ఆ మాట కథలో ఎవరైనా చెప్పాల కదా? ఒక్కరన్నా చెప్పినారా?"

అల్లుడు మళ్లీ ఆలోచనలో పడ్డాడు. లోపల్నుంచి అవ్వ కేక.. "ఆ ఓడ వచ్చేదాకా అన్నం తినరా ఏంరా?"