అఫ్లుయెంట్: ప్రవాహంగా సంపద

‘అఫ్లుయెంట్’ అన్న ఇంగ్లీషు విశేషణానికి ‘సంపన్న’, ‘ధనిక’ అన్న అర్థాలు ఇవ్వడం వాడుక. అవి తప్పు కావు. అయితే ఆ మాటల వెనుకనున్న ఊహలు వేరు.

లాటిన్‌లో ‘ఫ్లుయెరె’ అంటే ప్రవహించడం. దానికి ‘వైపు’ అన్న అర్థమిచ్చే ఉపసర్గ చేరి, ‘ఇటుగా పారి వచ్చేది’ అన్న అర్థం ఏర్పడింది. భూగోళశాస్త్రంలో ఉపనదికీ ఇదే పేరు. ‘బయటికి’ అన్న ఉపసర్గ చేరితే ‘ఎఫ్లుయెంట్’. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాల చర్చల్లో మనం వినే మాట అదే. మన ‘సంపన్న’లో ఈ ప్రవాహం లేదు. ‘పద్’ ధాతువుకు ‘సమ్’ చేరి, సమకూరి నిండినదన్న భావం వచ్చింది. అందుకే గుణసంపన్నుడని అనగలం. నేటి ఇంగ్లీషులో అఫ్లుయెంట్ ఆ పని చేయదు. సంపదను నీటితో పోల్చడం మాత్రం మనకు కొత్త కాదు. సిరి రాకను కొబ్బరికాయలోని నీటితో పోల్చిన సుమతీ శతక పద్యం తెలిసిందే.

వాడుకలో ‘రిచ్’ సూటి మాట. ‘వెల్తీ’ కూడబెట్టిన ఆస్తిని సూచిస్తుంది. అఫ్లుయెంట్ మర్యాదైన మాట. ఒక వ్యక్తికన్నా పేటకు, వర్గానికి, సమాజానికి ఎక్కువగా అతుకుతుంది. 1958లో గాల్‌బ్రెయిత్ తన గ్రంథానికి ‘ది అఫ్లుయెంట్ సొసైటీ’ అని పేరు పెట్టాడు. సొంత వస్తువులు పొంగిపొర్లే సమాజంలో ఉమ్మడి సేవలు ఎండిపోవచ్చునన్నది అందులోని ప్రధాన వాదం.

లండన్‌కు పడమట ఉన్న స్లౌ పట్టణం ఈ వాదానికి దగ్గరి ఉదాహరణ. ఆ పేరుకు బురదనేల అని అర్థం. 1920లో అక్కడ పారిశ్రామిక వాడ మొదలైంది. 1932లో మార్స్ మిఠాయిల తయారీ ఆరంభమైంది. నేటికీ ఆ వాడలో పెద్ద సంస్థలున్నాయి. అయినా 2021 జులైలో స్లౌ పురపాలక మండలి ఆర్థికంగా చేతులెత్తేసింది. తప్పనిసరి సేవలు మినహా కొత్త ఖర్చులను నిలిపివేసే అధికారిక ప్రకటన వెలువడింది. థేమ్స్ నదికి అటూ ఇటూ ఉన్న పొరుగు ఊళ్లు విండ్సర్, ఈటన్‌లకు అఫ్లుయెంట్ అన్న విశేషణం సులువుగా అతుకుతుంది, స్లౌకు అతకదు. డబ్బు ఒక ఊరి మీదుగా పారినంత మాత్రాన అది అక్కడి ఇళ్లకు చేరినట్టు కాదు.

కనుక అనువాదకుడు ముందుగా అడగవలసినది: ఈ విశేషణం ఎవరిని వర్ణిస్తోంది? నివాసులనైతే ‘కలవారి పేట’ అనడం ‘సంపన్న ప్రాంతం’ కన్నా స్పష్టం. సమాజాన్నైతే ‘సమృద్ధ సమాజం’ మేలు. వ్యాపారాన్ని మాత్రమే చెబుతుంటే ఆ సంగతి విడిగా చెప్పాలి. లేకుంటే ఊరి కలిమి ఒకరిది, లేమి మరొకరిది అన్న నిజం అనువాదంలో కనుమరుగవుతుంది.