రివాల్వరు గొట్టము పొడవు: గుఱియు, చేతిపట్టును

1971వ సంవత్సరమున విడుదలయైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రమునందు కథానాయకుడు కృష్ణ గుఱ్ఱమెక్కి, నడుమున రివాల్వరు ధరించి వచ్చిన నాటినుండి అమెరికా పశ్చిమప్రాంతపు ఆయుధ మొకటి తెలుగు ప్రేక్షకులకు పరిచితమైనది. ఇటీవల ఆ చిత్రమును చూచిన మా పాఠశాల విద్యార్థి యొకడు నన్నొక ప్రశ్న యడిగెను. “మాస్టారూ, గొట్టం పొడుగ్గా ఉంటే గుండు ఇంకా తిన్నగా పోతుందా?” నేను బదులు చెప్పబోవునంతలో అతడే, “తెలుగులో చెప్పడం కష్టమైతే ఇంగ్లీషులోనే చెప్పండి” అనెను. ఇంటిలో తెలుగు, వీథిలో వేఱొక భాష, పుస్తకములలో ఆంగ్లము నడచు చోట పెరుగు బాలునకు తెలుగు పద్యములకును పండుగలకును మాత్రమే పనికివచ్చునని తోచుట సహజము. యంత్రపు సంగతిని సైతము మన మాటలలో విప్పి చెప్పవచ్చునని ఆ బాలునకు చూపదలచి యీ వ్యాసమునకు పూనుకొంటిని.

ముందుగా భాగముల పేర్లు తెలిసికొందము. గుండు వెలువడు ఇనుప నాళము గొట్టము. దాని వెనుక తూటాల నుంచుకొను గదులతో తిరుగునది చక్రము. సామాన్యముగా ఆఱు గదులుండును. తూటా అడుగున కొట్టి మందును రగిలించునది సుత్తి. చూపుడువ్రేలితో లాగునది మీట. గొట్టపు కొనపై నిలిచిన చిన్న రేకు ముందుగుఱి. చట్రపు పైభాగమున వెనుకవైపు చెక్కిన గాడి వెనుకగుఱి. ఈ రెంటిని ఒకే వరుసకు తెచ్చుటయే గుఱిచూచుట. సింగిల్ యాక్షన్ అనబడు రకమున మీట చేయు పని యొక్కటే: ఎక్కి నిలిచిన సుత్తిని విడుచుట. ప్రతి కాల్పునకు ముందును కాల్చువాడు బొటనవ్రేలితో సుత్తిని వెనుకకు లాగి నిలుపవలెను. ఆ లాగుటతోనే చక్రము తిరిగి క్రొత్త తూటా గొట్టమున కెదురుగ వచ్చును. ఈ బొటనవ్రేలి పనిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. గొట్టపు పొడవు చేతికి ఏల ముఖ్యమో దానివలననే తెలియగలదు.

మూడు పొడవుల చరిత్ర

ఈ రకమునకు మేలుబంతి కోల్ట్ కంపెనీవారి ‘సింగిల్ యాక్షన్ ఆర్మీ’. 1873లో అమెరికా సైన్యము దీనిని స్వీకరించెను. 1941లో తయారీ నిలుచునాటికి సుమారు 3,57,000 రివాల్వర్లు వెలువడినవి. 1956లో తయారీ మరల మొదలైనది. ఆశ్వికదళమున కిచ్చినవాని గొట్టము పొడవు 7½ అంగుళములు. 1890ల చివరిభాగమున సైన్యము వానిలో పెక్కింటి గొట్టములను 5½ అంగుళములకు కుదింపించెను. ఆ పొడవునకు ‘ఆర్టిలరీ’ యను పేరు స్థిరపడినది. పౌరులు మిక్కిలిగా కోరిన కుఱుచ పొడవు 4¾ అంగుళములు. ఒకే యంత్రము, ఒకే తూటా, ఒకే పిడి. మాఱినది గొట్టము మాత్రమే. కావున పొడవు వలన కలుగు భేదములను పరిశీలించుటకు దీనికన్న తగిన యుదాహరణము లేదు.

గుఱి

పొడవైన గొట్టము గుండును తిన్నగా పంపునని లోకమున నమ్మకము. ఇందులో కొంత నిజము కలదు గాని, ఆ నిజము గుండునకు సంబంధించినది కాదు, కంటికి సంబంధించినది. రివాల్వరును కదలని చట్రమున బిగించి కాల్చిన యెడల, పనితనము సమానమైనంతవఱకు 4¾ అంగుళముల గొట్టమును 7½ అంగుళముల గొట్టమువలెనే గుండ్లను దగ్గఱదగ్గఱగా పడవేయగలదు. గుండును తిప్పి నిలకడ కలిగించు లోపలి మరగాళ్ళు తమ పనిని కొద్ది అంగుళములలోనే నెఱవేర్చును.

చేతబట్టి కాల్చునప్పుడు సంగతి వేఱు. పొలమునకు గట్టు తిన్నగా వేయదలచిన రైతు రెండు కఱ్ఱలు పాతి, వాని వరుసను బట్టి దూరమున మూడవ కఱ్ఱను పాతించును. మొదటి రెండు కఱ్ఱలు జానెడు ఎడముగా నున్నయెడల, వానిలో ఒకటి వ్రేలెడు తప్పినను పొలము చివరకు పోవుసరికి గట్టు పొరుగువాని భూమిలో పడును. అవి పది బారల ఎడముగా నున్నయెడల ఆ వ్రేలెడు తప్పు చివరను అంతగా పెరుగదు. ముందుగుఱి, వెనుకగుఱి యీ రెండు కఱ్ఱల వంటివి.

లెక్కకు, కుఱుచ గొట్టమున గుఱుల నడుమ దూరము 6 అంగుళములనియు, పొడవైన గొట్టమున 8¾ అంగుళములనియు అనుకొందము. కాల్చువాని పొరపాటున ముందుగుఱి అంగుళములో నూఱవవంతు ప్రక్కకు జరిగినది. లక్ష్యము 25 గజముల దూరము, అనగా 900 అంగుళములు. మొదటిదానిలో గుండు ఒకటిన్నర అంగుళము తప్పిపోవును. రెండవదానిలో ఇంచుమించు ఒక అంగుళము మాత్రమే తప్పును. తప్పు చేసినది చేయి; దానిని మూడవవంతు తగ్గించినది పొడవు. లక్ష్యము 7 గజములలో నున్నప్పుడు ఈ భేదము అంగుళములో ఏడవవంతునకు లోపడి, లెక్కింపదగినదే కాకుండును.

వయసు మీఱినవారికి మఱొక లాభము కలదు. చత్వారము వచ్చిన కంటికి దగ్గఱి వస్తువు మసకబాఱును. ముందుగుఱి రెండుమూడు అంగుళములు దూరము జరిగిన యెడల కొంత స్పష్టముగా కానవచ్చును. అయితే చేతి వణకు కూడ పొడవైన గొట్టపు కొనయందే ఎక్కువగ కన్పించును. దానిని చూచి తత్తరపడి మీటను గుంజువానికి ఆ లాభము దక్కదు.

వేగము

వంటయింటి ఊదుగొట్టములో గింజనుంచి ఊదు పిల్లలకు తెలిసిన విషయమే యిది. గొట్టము జానెడైనప్పటికన్న మూరెడైనప్పుడు గింజ మీద ఊపిరి మఱికొంతసేపు పనిచేయును. గింజ మఱికొంత వేగముగా పోవును. మందు మండి పుట్టిన వాయువును గుండును ఇట్లే నెట్టును. 45 కోల్ట్ తూటాలోని 255 గ్రెయిన్ల గుండు, అనగా పదహాఱున్నర గ్రాముల సీసము, గొట్టము అంగుళము పెరిగిన కొలది తూటాను బట్టి సెకనుకు ఇంచుమించు 20, 30 అడుగుల అధికవేగమును పొందును. ఈ చొప్పున కుఱుచ, పొడవు గొట్టముల నడుమ భేదము 55 మొదలు 80 అడుగుల వఱకు నుండును. మొత్తము వేగము 800 అడుగుల ప్రాంతమని తలచినచో, ఇది పదవవంతునకు మించని లాభము.

పొడవును పెంచుకొనుచు పోయిన వేగము అంతులేక పెరుగునా? పెరుగదు. వాయువు వ్యాపించిన కొలది దాని ఒత్తిడి తగ్గును. అదియునుగాక, చక్రము తిరుగవలెను గనుక చక్రమునకును గొట్టమునకును నడుమ అంగుళములో వేయవవంతులు నాలుగో ఆఱో సందు ఉండితీరవలెను. గుండు గొట్టములో నున్నంతసేపును కొంత వాయువు ఆ సందుగుండ కాఱిపోవుచునే యుండును. పొడవైన గొట్టము వలన నిశ్చయముగా కలుగు మఱొక సౌకర్యము, మంటయు మ్రోతయు కంటికిని చెవికిని కొంత దూరమగుట.

చేతిపట్టు

కుఱుచ రివాల్వరు బరువు సుమారు 1,020 గ్రాములు; పొడవైనదాని బరువు సుమారు 1,130 గ్రాములు. భేదము నూటపది గ్రాములే గాని, ఆ నూటపది గ్రాములు ఏ చోట చేరెనో గమనింపవలెను. రోకలిని నడుమ పట్టినవానికిని చివర పట్టినవానికిని బరువు ఒక్కటే యైనను శ్రమ యొక్కటి కాదు. గొట్టపు కొనన చేరిన బరువు నిలకడ నిచ్చును. కాల్చినప్పుడు కొన పైకెగయుటను తగ్గించును. అదే బరువు ఒక లక్ష్యమునుండి మఱియొక లక్ష్యమునకు త్రిప్పుటను ఆలస్యము చేయును. త్రిప్పినపిదప ఆపుటను కష్టము చేయును.

ఇచ్చట బొటనవ్రేలి పని ముందుకు వచ్చును. ఈ రివాల్వరు పిడి నాగలి మేడివలె వంగియుండును; అమెరికనులును దానిని నాగలిమేడి పిడి యనియే పిలుతురు. కాల్పు దన్నుకు ఆ పిడి అఱచేతిలో మెల్లగా జాఱి తిరిగి, గొట్టపు కొన పైకి లేచి, సుత్తి బొటనవ్రేలికి అందుబాటులోనికి వచ్చును. వ్రేలు దానిని లాగుచుండగనే కొన మరల దిగి లక్ష్యమునకు వచ్చును. కొన తేలికయైన కుఱుచ గొట్టమునకు ఈ లేచుట, దిగుట చుఱుకుగా జరుగును. పొడవైన గొట్టము తక్కువ లేచును. కావున వ్రేలు సుత్తికొఱకు ఎక్కువగా చాపవలసివచ్చును. చిన్నచేతివాడు పట్టు సడలించి సుత్తి నందుకొనబోగా బరువైన కొన క్రిందికి వ్రాలును. అందుచేత నింపాదిగా ఒక్కొక్క గుండే కాల్చువానికి పొడవు మేలు. వెంటవెంట కాల్చువానికి కుఱుచ మేలు.

ఒఱ

గుఱ్ఱముపై సాగు సైనికునకు ఏడున్నర అంగుళముల గొట్టము అంత భారము కాలేదు. మూతగల ఒఱలో అది తుంటిప్రక్కన వ్రేలాడుచుండెడిది. బల్లయెదుట కూర్చుండువానికి, బండి తోలువానికి, పట్టణవీథిలో నడచువానికి అదే గొట్టము తొడకును ఆసనమునకును తగులుచుండును. ఒఱనుండి తీయుటకును చేయి అంతమేర పైకెత్తవలెను. బ్యాట్ మాస్టర్‌సన్ అను ప్రసిద్ధ శాంతిరక్షకుడు 1885 జులైలో డాడ్జ్ సిటీనుండి కోల్ట్ కంపెనీకి వ్రాసిన లేఖలో, గొట్టము ఖాళీతూటాలను నెట్టివేయు కడ్డీ పొడవునకు సరిపోవలెననియు, మీట తేలికగా లాగబడవలెననియు, ముందుగుఱి మామూలుకన్న కొంచెము ఎత్తును మందమును కలిగియుండవలెననియు కోరెను. కడ్డీ చివరకు సమమగునది 4¾ అంగుళముల గొట్టమే. అంతకన్న కుదించిన కడ్డీకి చోటు చాలదు. మూడు నాలుగు అంగుళముల ‘షెరిఫ్’ రకములలో కడ్డీయే లేకుండుటచే, ఖాళీ తొడుగులను వేఱొక పుల్లతో పొడిచి తీయవలసివచ్చెడిది. మందపు ముందుగుఱిని కోరుటలోను వివేకము కలదు: గుఱుల నడుమ దూరము తగ్గినప్పుడు, ఉన్న గుఱి కంటికి చప్పున కనబడవలెను.

మితిమీఱిన పొడవునకు ‘బంట్‌లైన్ స్పెషల్’ కథ ఉదాహరణము. నెడ్ బంట్‌లైన్ అను రచయిత 12 అంగుళముల గొట్టముగల రివాల్వర్లను వ్యాట్ ఎర్ప్ మొదలగువారికి కానుకగా నిచ్చెనని 1931లో స్టూవర్ట్ లేక్ ఎర్ప్ జీవితకథలో వ్రాసెను. కోరినవారికి కంపెనీ పొడవైన గొట్టములను అమర్చి యిచ్చుట నిజమే గాని, ఈ కానుకకు కంపెనీ లెక్కలలో ఆధారము దొరకలేదు. టెలివిజన్ కథల వలన ఆ పేరు ప్రఖ్యాతి చెందగా, 1957లో కంపెనీయే ఆ పేరుతో 12 అంగుళముల రివాల్వరును అమ్మకమునకు పెట్టినది. కథ ముందు పుట్టి, వస్తువు వెనుక పుట్టినది!

పొడవుతో మాఱనిది

ఏ పొడవునకైనను మాఱని నియమ మొకటి కలదు. పాతపద్ధతి సింగిల్ యాక్షన్ రివాల్వరున సుత్తి దిగియున్నప్పుడు దాని ములికి తూటాను ఆనియుండును. క్రిందపడినను, సుత్తికి దెబ్బ తగిలినను ప్రేలవచ్చును. కావుననే ఆఱు గదులలో అయిదింటినే నింపి, ఖాళీ గదిపై సుత్తిని దింపియుంచుట తెలిసినవారి ఆచారము. 1973లో రూగర్ కంపెనీ, మీటను లాగిననే గాని సుత్తిదెబ్బ తూటాకు చేరకుండు అడ్డుపలకను తన క్రొత్త రకములలో ప్రవేశపెట్టి ఈ భయమును తొలగించెను. గొట్టము ఎంత పొడవో చూచుటకు ముందు చక్రము ఖాళీయో కాదో చూడవలెను. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి అనుమతిపత్రము లేనిదే ఇట్టి యాయుధమును కలిగియుండరాదని విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక నా విద్యార్థి ప్రశ్నకు సమాధానము. నాయనా, గొట్టము పొడవైనంతమాత్రమున గుండు ఎక్కువ తిన్నగా పోదు. గుఱిచూచువాని తప్పు తగ్గును. గుండునకు కొంచెము వేగము హెచ్చును. చేతికి కొంత నిలకడ కలుగును. అందుకు వెలగా చుఱుకుదనమును, ధరించుటలోని సౌకర్యమును ఇచ్చుకొనవలెను. దూరపు లక్ష్యమునకు ఏడున్నర, నడుమున మోయుటకు నాలుగుముప్పాతిక, రెంటికిని ఓర్చునది అయిదున్నర. ఇంతయు చెప్పుటకు గట్టు, రోకలి, ఊదుగొట్టము, నాగలిమేడి మనకు తోడువచ్చినవి. ఇక నీవు దీనిని నీ మాటలలో తెలుగున వ్రాసి తెమ్ము, తప్పులున్న దిద్దెదను.