బీటుబీ వెబ్‌సైట్: డీలర్ల ఆర్డర్లు ఇంకా వాట్సాప్‌లోనేనా? ఫ్యాక్టరీలు సైట్ కట్టించే ముందు చూసుకోవాల్సినవి ఇవే..

‘మూడించుల పైపులు 200 పంపండి’. పీవీసీ పైపుల ఫ్యాక్టరీకి డీలర్ నుంచి వాట్సాప్‌లో ఇలా మెసేజ్ వచ్చిందనుకోండి. చూడ్డానికి సింపుల్ ఆర్డరే. కానీ 4 కేజీల ప్రెషర్ పైపా, 6 కేజీలదా? మెసేజ్‌లో ఆ మాటే లేదు. 4 కేజీలది పలచన, ధర తక్కువ. 6 కేజీలది మందం, ధర ఎక్కువ. ఒకటి అడిగితే ఇంకోటి లోడ్ అయితే లారీ కిరాయి దండగ, సీజన్‌లో డీలర్ బేరం కూడా పోతుంది.

ఈ తలనొప్పి తప్పించుకోవడానికే ఫ్యాక్టరీలు బీటుబీ ఆర్డరింగ్ వెబ్‌సైట్ల వైపు చూస్తున్నాయి. బీటుబీ అంటే వ్యాపారికి, వ్యాపారికి మధ్య జరిగే అమ్మకం. అయితే మామూలు షాపింగ్ సైట్‌కు లాగిన్ పేజీ తగిలిస్తే అది బీటుబీ అయిపోదు. తేడా ఎక్కడంటే..

ఒక్కో డీలర్‌కు ఒక్కో ధర

షాపింగ్ సైట్‌లో ధర అందరికీ కనిపిస్తుంది. ఫ్యాక్టరీ వ్యాపారంలో అలా కుదరదు. కొనే పరిమాణం, దూరం, పాత ఒప్పందాన్ని బట్టి ధర మారుతుంది. అందుకే డీలర్ లాగిన్ అయ్యాకే అతని ధర అతనికి కనిపించాలి. పక్క డీలర్ ధర బయటపడితే గొడవ ఖాయం. డీలర్ ఖాతా తెరిచేటప్పుడే జీఎస్టీ నంబర్ తీసుకోవాలి. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మామూలుగా సరుకు రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ, లోపలే అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఈ లెక్క సైటే వేయాలి.

ఐటమ్ లిస్టే అసలు పని

ఎక్కువ టైమ్ పట్టేది డిజైన్‌కు కాదు, ఐటమ్ లిస్టుకు. ఫ్యాక్టరీ లెక్కలో అది 90 ఎంఎం పైపు. డీలర్ నోట అదే మూడించుల పైపు. ఏ పేరుతో వెతికినా ఒకే ఐటమ్ రావాలి. సైజు, ప్రెషర్, పొడవు.. ఈ మూడూ ఎంచుకోనిదే ఆర్డర్ ముందుకు కదలకూడదు. వాట్సాప్‌లో జరిగే పొరపాటు ఆగేది ఇక్కడే.

అరువు దగ్గరే అసలు రిస్క్

డీలర్లు ఎక్కువగా అరువు మీదే కొంటారు. కాబట్టి ఒక్కొక్కరికి క్రెడిట్ లిమిట్, గడువు సైట్‌లో ఉండాలి. లిమిట్ దాటిన ఆర్డర్‌ను సైట్ తిప్పికొట్టకూడదు. ఓనర్ అనుమతి కోసం ఆపి ఉంచాలి. పాత డీలర్‌కు మిషన్ ‘నో’ చెబితే సంబంధం చెడుతుంది.

సరుకు ఏ రోజు అందిందో కూడా నమోదు కావాలి. ఎందుకంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, రిజిస్టరైన సూక్ష్మ, చిన్న పరిశ్రమకు కొనుగోలుదారు 45 రోజులకు మించకుండా డబ్బు కట్టాలి. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగొచ్చు. తేదీల రికార్డు లేకపోతే అడిగే హక్కు ఉన్నా నిరూపించడం కష్టం.

పన్ను రేటు మారితే?

2025 సెప్టెంబర్ 22న డ్రిప్, స్ప్రింక్లర్ సామగ్రిపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పీవీసీ పైపులపై 18 శాతమే కొనసాగింది. రెండూ అమ్మే కంపెనీ ఆ ఒక్క రాత్రిలో సగం ఐటమ్స్‌కే రేటు మార్చాలి. అందుకే ప్రతి ఐటమ్‌కు రేటు విడిగా ఉండాలి. ప్రోగ్రామర్‌ను పిలవకుండా అకౌంటెంటే మార్చుకోగలగాలి.

టర్నోవర్ రూ.5 కోట్లు దాటిన కంపెనీలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. సైట్‌లో వచ్చిన ఆర్డర్‌ను గుమాస్తా మళ్లీ ట్యాలీలో టైప్ చేయాల్సి వస్తే తప్పు తగ్గదు, చోటు మారుతుందంతే. ఆర్డర్, స్టాక్, బిల్లు ఒకదానికొకటి కలిసి ఉండాలి.

డీలర్ ఎందుకు వాడాలి?

ఫోన్ చేస్తే పనైపోయే డీలర్‌కు సైట్‌తో లాభమేంటి? రాత్రి 10 గంటలకైనా తన బాకీ ఎంతో చూసుకోవాలి, పాత బిల్లు డౌన్‌లోడ్ చేసుకోవాలి. పోయిన నెల ఆర్డర్‌ను ఒక్క నొక్కుతో మళ్లీ పెట్టాలి. అవి లేకపోతే సైట్ ఖాళీగానే ఉంటుంది. ఫోన్‌లో చెప్పేవాళ్లను వదులుకోనక్కర్లేదు. వాళ్ల ఆర్డర్‌ను సేల్స్‌మన్ అదే సైట్‌లో ఎక్కిస్తే చాలు.

సీజన్ మధ్యలో మొదలుపెట్టొద్దు. ముందు ఎక్కువగా కొనే నలుగురైదుగురు డీలర్లతో నడిపి చూడాలి. సైట్ పనిచేస్తోందో లేదో విజిటర్ల లెక్క చెప్పదు. తిరిగొచ్చే లారీలు తగ్గాయా, బాకీలు గడువులోపు వస్తున్నాయా అన్నదే చూడాలి.